ఫ్యాక్టరీలో హెచ్‌టీ (హై టెన్షన్) పంపిణీ: 11 కేవీనా, 6.6 కేవీనా? ఒక ట్రాన్స్‌ఫార్మరా, రెండా, రింగా?

కొత్త ప్లాంట్ కట్టేటప్పుడైనా, పాతదాన్ని పెంచేటప్పుడైనా, సింగిల్ లైన్ డ్రాయింగ్ (కరెంటు వెళ్లే దారిని ఒకే గీతతో చూపే పటం) టేబుల్ మీద పరిచిన రోజే వాదన మొదలవుతుంది. ప్రాసెస్ వాళ్లకు కరెంటు ఒక్క క్షణం కూడా పోకూడదు. ప్రాజెక్ట్ వాళ్లకు బడ్జెట్ దాటకూడదు. మెయింటెనెన్స్ వాళ్లు రేపు స్పేర్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. ముగ్గురిదీ న్యాయమైన మాటే. కానీ చాలాచోట్ల ఈ మూడింటినీ పక్కన పెట్టి, ప్యానెల్ కంపెనీ ఇచ్చిన కొటేషన్‌ను బట్టి డ్రాయింగ్ మారిపోతుంది. అలా మారకుండా ఉండాలంటే ఏ ప్రశ్న ముందు, ఏది తర్వాత అన్న క్రమం కావాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 33 కేవీ మీద 5 నుంచి 10 ఎంవీఏ (ఒక ఎంవీఏ అంటే 1000 కేవీఏ) తీసుకునే ప్లాంట్‌లో రెండు మూడు పెద్ద మోటార్లుంటే, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, మధ్యలో ఓపెన్‌గా ఉంచిన బస్ కప్లర్ (రెండు బస్‌లను, అంటే లైన్లన్నీ తగిలే కరెంటు పట్టీలను, కలిపే బ్రేకర్), న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెసిస్టర్ పెట్టిన ఏర్పాటే పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇస్తుంది. అయితే అందరి ప్లాంటూ అలా ఉండదు. మీది ఏ రకమో తేల్చుకోవడానికే మిగతాదంతా.

లెక్కలు గాల్లో ఉండకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. 33 కేవీ సప్లై, 8 ఎంవీఏ లోడ్, అన్నిటికంటే పెద్ద మోటార్ 1000 కిలోవాట్ల గ్రైండింగ్ మిల్లు, మిగతాది నాలుగు చోట్ల విస్తరించిన ఎల్‌టీ (లో టెన్షన్, 415 వోల్టుల) లోడ్. డిస్కం సబ్‌స్టేషన్ నుంచి మన గేటు దగ్గర 33 కేవీ ఫాల్ట్ లెవల్ (షార్ట్ సర్క్యూట్ అయితే సప్లై ఎంత పోయగలదో చెప్పే అంకె) 500 ఎంవీఏ అనుకుందాం. మీ ప్లాంట్‌కు ఈ అంకెను డిస్కం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి, ఊహించకూడదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

కరెంటు పోతే ఎంత నష్టం, ఎంతసేపటికి? ఈ ఒక్క ప్రశ్నకు ప్రాసెస్ వాళ్లతో కూర్చుని సమాధానం రాయించుకుంటే సగం డిజైన్ అయిపోయినట్టే. "మాకు అస్సలు పోకూడదు" అనేది సమాధానం కాదు. ఐదు సెకన్లు పోతే ఏమవుతుంది, ఐదు నిమిషాలైతే, గంటైతే, రోజంతా అయితే అని విడివిడిగా అడగండి. స్పిన్నింగ్ మిల్లులో రెండు సెకన్ల డిప్‌కే దారాలు తెగిపోతాయి. ఫార్మా రియాక్టర్‌లో అజిటేటర్, చిల్డ్ బ్రైన్ పంపు ఆగితే వేడి పుట్టించే రియాక్షన్ అదుపు తప్పే ప్రమాదం ఉంది, అది నష్టం లెక్క దాటి ప్రాణాల లెక్కలోకి వెళ్తుంది. సిమెంట్ ప్లాంట్‌లో మిల్లు గంట ఆగినా పెద్దగా పోయేదేమీ లేదు, కానీ వేడి మీదున్న కిల్న్ తిరగకుండా ఆగితే షెల్ వంగిపోతుంది. అందుకే దాన్ని మెల్లగా తిప్పే చిన్న బారింగ్ డ్రైవ్‌కు డీజిల్ జనరేటర్ ఉంటుంది. ఒకే ఆవరణలో మూడు రకాల లోడ్‌కు మూడు రకాల భద్రత కావాలి. అన్నిటికీ ఒకే స్థాయి భద్రత ఇవ్వబోతే డబ్బు అక్కర్లేని చోట ఖర్చవుతుంది, అవసరమైన చోట చాలదు.

అన్నిటికంటే పెద్ద మోటార్ ఎంత, ఎలా స్టార్ట్ అవుతుంది? లోపలి వోల్టేజ్‌ను ఎక్కువగా నిర్ణయించేది ఇదే.

ఫాల్ట్ లెవల్. తక్కువైతే పెద్ద మోటార్ స్టార్ట్ అయినప్పుడు వోల్టేజ్ పడిపోతుంది. ఎక్కువైతే బ్రేకర్, కేబుల్ ఖరీదు పెరుగుతుంది, ఫాల్ట్ వచ్చినప్పుడు విధ్వంసం పెరుగుతుంది. రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో లెక్కతోనే తేలుతుంది.

దూరాలు. 200 మీటర్లలో అంతా ఉన్న ప్లాంట్ వేరు, క్రషర్ నుంచి ప్యాకింగ్ దాకా రెండు కిలోమీటర్లు పరుచుకున్న ప్లాంట్ వేరు.

రాత్రి షిఫ్టులో ఎవరు ఉంటారు? దీన్ని ఎవరూ డ్రాయింగ్ మీద రాయరు, నాకు మాత్రం ఇది మిగతా వాటితో సమానంగా కనిపిస్తుంది. రాత్రి రెండింటికి ఫీడర్ (బస్ నుంచి లోడ్‌కు వెళ్లే లైన్) ట్రిప్ అయితే స్విచింగ్ చేసేది కన్సల్టెంట్ కాదు, ఒక షిఫ్ట్ ఎలక్ట్రీషియన్, పక్కన ఒక హెల్పర్. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పనికి ముందు తీసుకునే రాతపూర్వక అనుమతి) రాసుకుని, ఐసొలేట్ చేసి, ఎర్త్ చేసి, మళ్లీ చార్జ్ చేయడం ఆ ఇద్దరికీ తడబడకుండా రావాలి. అర్థం కాని ఏర్పాటు ఎంత తెలివైనదైనా ప్రమాదకరమే.

ఐదేళ్ల తర్వాత లోడ్. ప్యానెల్ రెండు పక్కలా పెంచుకునే జాగా, ఒక్కో సెక్షన్‌లో కనీసం ఒక స్పేర్ ఫీడర్. తర్వాత పెట్టాలంటే పడే తంటాతో పోలిస్తే ఇప్పుడయ్యే ఖర్చు చిన్నది.

## గేటు దగ్గర ఏ వోల్టేజ్?

ఇందులో మన చేతిలో ఉన్నది తక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ టారిఫ్ ఆర్డర్లలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం, కామన్ ఫీడర్ మీద 1500 కేవీఏ దాకా 11 కేవీ, 1501 నుంచి 5000 కేవీఏ దాకా 33 కేవీ, ఆ పైన 132 లేదా 220 కేవీ. విడిగా డెడికేటెడ్ ఫీడర్ తీసుకుంటే 11 కేవీకి 2500, 33 కేవీకి 10,000 కేవీఏ దాకా పరిమితి పెరుగుతుంది. మన ఉదాహరణలోని 8 ఎంవీఏ ప్లాంట్ 33 కేవీలో ఉండాలంటే సొంత ఫీడర్ తప్పదన్నమాట. అప్లికేషన్ పెట్టే ముందు ఆ ఏడాది ఆర్డర్ తీసి చూసుకోండి.

చేతిలో ఉన్నదల్లా సరిహద్దుల దగ్గర నిర్ణయం. 1400 కేవీఏ లోడ్ ఉండి, రెండేళ్లలో 2000 దాటుతుందని తెలిస్తే ఇప్పుడే 33 కేవీకి వెళ్లడం మంచిది. సప్లై వోల్టేజ్ పెరిగేకొద్దీ యూనిట్ ధర తగ్గేలా టారిఫ్‌లు ఉంటూ వచ్చాయి. తేడా 45 పైసలు అనుకుంటే, నెలకు పది లక్షల యూనిట్లు కాల్చే ప్లాంట్‌కు అది నాలుగున్నర లక్షలు. 33 కేవీ యార్డుకు అదనంగా పెట్టిన ఖర్చు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో ఎవరికి వారు లెక్కేసుకోవచ్చు. ఇంకో మాట: కాంట్రాక్టెడ్ డిమాండ్‌లో 80 శాతానికి వాడినా వాడకపోయినా బిల్లు పడుతుంది, కాబట్టి భవిష్యత్తు లోడ్‌కు పరికరాలు పెట్టుకోండి గానీ, డిమాండ్‌ను ఇప్పుడే రాయించుకోకండి.

## లోపల ఏ వోల్టేజ్?

అసలు ఎంపిక ఇక్కడ మొదలవుతుంది. మన ఉదాహరణ ప్లాంట్‌కు నాలుగు దారుల్లో అంకెలు ఇలా వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ 8 ఎంవీఏ, ఇంపెడెన్స్ (ఫాల్ట్ కరెంటును అడ్డుకునే గుణం) 8.35 శాతం, మోటార్ పవర్ ఫ్యాక్టర్ 0.85, ఎఫిషియెన్సీ 95 శాతం అనుకున్నాను.

| | 33 కేవీ నేరుగా | 11 కేవీ | 6.6 కేవీ | 3.3 కేవీ |
|---|---|---|---|---|
| 8 ఎంవీఏకు బస్ కరెంటు | 140 ఆంపియర్లు | 420 | 700 | 1400 |
| 1000 కిలోవాట్ మోటార్ కరెంటు | మోటార్ పెట్టలేం | 65 | 108 | 217 |
| బస్ మీద ఫాల్ట్, ఒక ట్రాన్స్‌ఫార్మర్‌తో | 8.7 కిలో ఆంపియర్లు | 4.2 | 7.0 | 14.1 |
| రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ప్యారలల్‌గా | వర్తించదు | 7.3 | 12.1 | 24.2 |
| హాయిగా పెట్టగల మోటార్లు | ఎల్‌టీవి మాత్రమే | సుమారు 1500 కిలోవాట్ పైన | 200 నుంచి పైకి | 200 నుంచి 1000 దాకా |

ఫాల్ట్ అంకెల్లో మోటార్లు వెనక్కి పంపే కరెంటు కలపలేదు. నడుస్తున్న ప్రతి హెచ్‌టీ మోటార్ ఫాల్ట్ వచ్చిన మొదటి కొన్ని సైకిల్స్‌లో తన ఫుల్ లోడ్ కరెంటుకు నాలుగైదు రెట్లు ఫాల్ట్‌లోకి పోస్తుంది. అందుకే 3.3 కేవీ గడిలో 24.2 చూసి "25 కేఏ ప్యానెల్ సరిపోతుంది" అనుకుంటే పొరపాటు. మోటార్లు కలిస్తే దాటేస్తుంది.

33 కేవీ నేరుగా. పెద్ద మోటార్లు లేని ప్లాంట్‌కు, అంటే ఫార్మా, ఫుడ్ ప్రాసెసింగ్, ప్లాస్టిక్స్ లాంటి వాటికి, నాకు బాగా నచ్చే దారి ఇది. 33 కేవీని లోడ్ దగ్గరికే తీసుకెళ్లి 33/0.433 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌తో దించేస్తారు. మధ్యలో ఒక మెట్టు తగ్గుతుంది. ఆ మెట్టు ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదూ, ఏడాదంతా తినే నో లోడ్ లాసూ రెండూ మిగులుతాయి. ఐఎస్ 1180 కింద 33 కేవీ ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్లు 2500 కేవీఏ దాకా ప్రామాణికంగానే దొరుకుతాయి. ఇబ్బందల్లా 33 కేవీ కేబుల్ టెర్మినేషన్. దానికి చెయ్యి తిరిగిన జాయింటర్ కావాలి, హడావిడిగా చేసిన టెర్మినేషన్ మొదటి వర్షాకాలంలోనే బయటపడుతుంది. ప్యానెల్ సైజు కూడా పెద్దది.

11 కేవీ. ఎవరూ బ్రోచర్‌లో రాయని లాభం ఒకటి దీనికుంది. రెండు రాష్ట్రాల్లో డిస్కంలు ఊరూరా నడిపేది 33/11 కేవీ సబ్‌స్టేషన్లే. ఆ ట్రాన్స్‌ఫార్మర్లు రిపేరు చేసే షాపులు, 11 కేవీ కేబుల్, జాయింటింగ్ కిట్లు, తెలిసిన మనుషులు ఎక్కడైనా దొరుకుతారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన వారం రోజుల్లో ఆ తేడా ఎంతో అర్థమవుతుంది. లోపమేమిటంటే 1000 కిలోవాట్ లోపు మోటార్‌కు 11 కేవీ దండగ. స్లాట్‌లో ఇన్సులేషన్ ఎక్కువ జాగా తింటుంది, ఫ్రేమ్ పెరుగుతుంది, ఖరీదూ పెరుగుతుంది, సప్లయర్లు తగ్గుతారు.

అయితే ఈ లోపాన్ని దాటే దారి ఇప్పుడుంది. పెద్ద మోటార్లకు ఎలాగూ వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) పెడుతున్నట్టయితే, డ్రైవ్ ముందున్న ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ తీసుకుని, మోటార్‌కు 6.6 లేదా 3.3 కేవీ ఇస్తుంది. అప్పుడు మోటార్ వోల్టేజ్‌కూ బస్ వోల్టేజ్‌కూ సంబంధం తెగిపోతుంది. ప్లాంట్‌లో పెద్ద ఫ్యాన్లు, పంపులు ఎక్కువగా ఉండి అన్నీ వీఎఫ్‌డీ మీదే నడిస్తే 11 కేవీకే నా ఓటు.

6.6 కేవీ. 200 కిలోవాట్ నుంచి 2000 దాకా మోటార్లు చాలా ఉండి, ఎక్కువ భాగం నేరుగా స్టార్ట్ అయ్యేవైతే ఇదే సరైన చోటు. మన 1000 కిలోవాట్ మిల్లునే చూద్దాం. డీఓఎల్‌లో, అంటే నేరుగా లైన్ మీద స్టార్ట్ చేసి, ఫుల్ లోడ్‌కు ఆరు రెట్లు లాగితే దాదాపు 7.4 ఎంవీఏ. 6.6 కేవీ బస్ మీద ఫాల్ట్ లెవల్ 80 ఎంవీఏ. అంటే స్టార్టింగ్‌లో వోల్టేజ్ సుమారు 8.5 శాతం పడుతుంది, పక్క మోటార్లు తట్టుకుంటాయి. అదే మిల్లును డబ్బు మిగులుతుందని 2 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 415 వోల్టుల్లో పెడితే, కరెంటు 1700 ఆంపియర్లు దాటుతుంది, స్టార్టింగ్ డిప్ 20 శాతం చుట్టూ ఉంటుంది, ఆ బస్ మీదున్న కాంటాక్టర్లు (మోటార్లను ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) ఊడిపోవడం మొదలవుతుంది. సాఫ్ట్ స్టార్టర్ పెట్టి కొంత తగ్గించవచ్చు, కానీ అంత కరెంటు మోసే కేబుళ్ల గుంపు మాత్రం జీవితాంతం ఉంటుంది.

3.3 కేవీ. పాత ప్లాంట్లలో విస్తారంగా ఉంది. కొత్తగా కట్టేవాళ్లకు మొత్తం ప్లాంట్ బస్‌గా దీన్ని సలహా ఇవ్వను, 8 ఎంవీఏకే 1400 ఆంపియర్లు. కానీ పెద్ద ప్లాంట్‌లో 11 కేవీ మెయిన్ బస్ ఉండి, ఒక మూల పదీ పదిహేను 300 కిలోవాట్ మోటార్లు గుంపుగా ఉంటే, అక్కడ 11/3.3 కేవీ సబ్‌స్టేషన్ బాగా కుదురుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో 11, 3.3 కలిపి వాడటం అలా వచ్చిందే.

కేబుల్ సైజు గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ ఒక్క సెకనుకు చదరపు మిల్లీమీటర్‌కు 94 ఆంపియర్ల ఫాల్ట్‌ను తట్టుకుంటుంది. పట్టికలో 6.6 కేవీ కింద చూసిన 12.1 కిలో ఆంపియర్లు ఒక సెకను ఉంటే 129 చదరపు మిల్లీమీటర్లు, అంటే 150 సైజు కావాలి, మిల్లు లోడ్ 108 ఆంపియర్లే అయినా సరే. రిలే (ఫాల్ట్‌ను గుర్తించి బ్రేకర్‌ను ట్రిప్ చేసే పరికరం) ఫాల్ట్‌ను పావు సెకనులో తీసేస్తే ఆ అవసరం సగానికి పడుతుంది. ఫాల్ట్ లెవల్, రిలే టైమ్, కేబుల్ సైజు మూడూ ఒకే లెక్కలోవి. విడివిడిగా ముగ్గురు చేస్తే డబ్బు వృథా, లేదా కేబుల్ కాలుతుంది.

## ఏ అమరిక?

రేడియల్. ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక బస్, ఫీడర్లు. చవక, తేలిక, రిలే సెట్టింగులు సూటిగా ఉంటాయి, కొత్త ఎలక్ట్రీషియన్‌కు ఒక్క రోజులో అర్థమవుతుంది. ఒక షిఫ్టు మాత్రమే నడిచే ప్లాంట్‌కు, నెలకో రోజు ఎలాగూ షట్‌డౌన్ తీసుకునే యూనిట్‌కు ఇది చాలు, ఇంతకంటే ఎక్కువ కొనమని ఎవరైనా చెప్తే కారణం అడగండి. భయపడాల్సింది ఒక్కటే, మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ పోవడం. రివైండింగ్‌కు వారాలు పడుతుంది. ఆ వారాల నష్టాన్ని రెండో ట్రాన్స్‌ఫార్మర్ ధరతో పోల్చి చూడండి. చాలామంది రెండు మూడు రోజుల ఉత్పత్తి విలువ రాసేసరికే సమాధానం తేలిపోతుంది.

రెండు ఇన్‌కమర్లు (బస్‌కు కరెంటు తెచ్చే బ్రేకర్లు), బస్ కప్లర్. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, బస్ రెండు సెక్షన్లు, మధ్యలో కప్లర్ ఓపెన్. ఒకటి పోతే కప్లర్ వేసి రెండోదాని మీద మొత్తం నడపడం. దీనికి ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం లోడ్ మోయాలి. ఫ్యాన్లు నడిస్తే 8, లేకుంటే 6.3 ఎంవీఏ ఇచ్చే రకం తీసుకుంటే, మామూలు రోజుల్లో చెరి సగం లోడ్‌తో చల్లగా నడుస్తాయి, ఆపద్ధర్మానికి ఫ్యాన్లతో ఒక్కటే మోస్తుంది.

కప్లర్ ఎప్పుడూ క్లోజ్‌గా ఎందుకు ఉంచకూడదని అడుగుతారు. 8 ఎంవీఏ, 6.6 కేవీలో 12 కిలో ఆంపియర్లే కాబట్టి ప్యానెల్ తట్టుకుంటుంది, నిజమే. కానీ ఒక సెక్షన్‌లో ఫాల్ట్ వస్తే రెండు సెక్షన్ల వోల్టేజూ కూలిపోతుంది, రెండూ కలిసి ట్రిప్ అయ్యే ప్రమాదం ఉంది. ఒకటి పోయినా రెండోది నిలవాలని కదా ఇంత ఖర్చు పెట్టింది. ఇక 20 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు 6.6 కేవీ మీద ప్యారలల్ చేస్తే, ఇంపెడెన్స్ 10 శాతం ఉన్నా, సప్లై వైపు గట్టిగా ఉంటే, ఫాల్ట్ 35 కిలో ఆంపియర్ల దాకా వెళ్తుంది. అక్కడ ఇష్టాయిష్టాలు లేవు, ఓపెన్‌గానే ఉండాలి. మూడు బ్రేకర్లకు రెండే తాళంచెవులు ఉండే ఇంటర్‌లాక్ పెడితే మూడూ ఒకేసారి వేయడం ఎవరివల్లా కాదు.

ఆటోమేటిక్ చేంజోవర్ పెట్టుకునేవాళ్లు ఒక ప్రమాదాన్ని మనసులో పెట్టుకోవాలి. ఇన్‌కమర్ పోయిన తర్వాత కూడా తిరుగుతున్న పెద్ద మోటార్లు బస్ మీద కాసేపు తమ వోల్టేజ్ నిలుపుతాయి. ఆ వోల్టేజ్, కొత్త సప్లై ఎదురెదురుగా ఉన్న క్షణంలో కప్లర్ పడితే షాఫ్ట్, కప్లింగ్ విరిగేంత దెబ్బ తగులుతుంది. కాబట్టి దాదాపు 100 మిల్లీ సెకన్లలోపు ఫేజ్ కోణం చూసి మారే ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్ రిలే అయినా పెట్టాలి, లేదంటే మిగిలిన వోల్టేజ్ 25–30 శాతానికి పడేదాకా ఆగి, మోటార్లను అండర్ వోల్టేజ్ మీద ట్రిప్ చేసి, మళ్లీ వరసగా స్టార్ట్ చేయాలి. రెండో పద్ధతిలో ప్రాసెస్ కొన్ని నిమిషాలు ఆగుతుంది, చాలా ప్లాంట్లకు అది పర్వాలేదు. ఇంకొకటి, బస్ ఫాల్ట్ వల్లే ఇన్‌కమర్ ట్రిప్ అయితే చేంజోవర్ బ్లాక్ అవ్వాలి. లేకుంటే మంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా ఫాల్ట్ మీదికి తోసినట్టవుతుంది.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండేముందు పైకి కూడా చూడండి. రెండింటికీ ఒకే 33 కేవీ లైన్ ఉంటే డిస్కం కరెంటు పోయినప్పుడు రెండూ పోతాయి. రెండు లైన్లు తీసుకున్నా అవి ఒకే 132 కేవీ సబ్‌స్టేషన్ నుంచి వస్తే సగం భద్రతే. లోపల కూడా అంతే. రెండు ఇన్‌కమర్ కేబుళ్లనూ ఒకే ట్రెంచ్‌లో వేస్తే ఒక్క జేసీబీ బకెట్ రెండింటినీ తీసేస్తుంది.

రింగ్, అంటే సబ్‌స్టేషన్లన్నిటినీ కలుపుతూ వెళ్లి మొదటికే తిరిగొచ్చే కేబుల్. ఎల్‌టీ సబ్‌స్టేషన్లు ఐదారు, దూరదూరంగా, ఒక్కోటి 500 నుంచి 2000 కేవీఏ. ఇలాంటి ప్లాంట్‌కు, ఇండస్ట్రియల్ పార్కుకు రింగ్ అందంగా కుదురుతుంది. ప్రతి సబ్‌స్టేషన్‌లో ఒక ఆర్‌ఎంయూ (రింగ్ మెయిన్ యూనిట్, రింగ్‌ను రెండు వైపులా విడదీసే స్విచ్‌ల పెట్టె), ఒకచోట రింగ్ ఓపెన్. కేబుల్ ఫాల్ట్ వస్తే ఆ ముక్కను రెండు వైపులా విడదీసి, ఓపెన్ పాయింట్ వేస్తే మిగతావన్నీ బతుకుతాయి. కేబుల్ ఫాల్ట్ వెతికి జాయింట్ వేసేదాకా ఒకటి రెండు రోజులు ఆగనక్కర్లేదు. అయితే మొదట సగం రింగ్ ట్రిప్ అవుతుంది, మనిషి టార్చిలైట్ పట్టుకుని ఫాల్ట్ ఇండికేటర్లు చూసుకుంటూ తిరిగి స్విచింగ్ చేయడానికి అరగంటో గంటో పడుతుంది. ఆ గంట మీ ప్రాసెస్ భరించగలదా అన్నదే ప్రశ్న. కేబుల్ సైజు మొత్తం రింగ్ లోడ్‌ను ఒకే వైపు నుంచి మోసేలా వేయాలి, దీన్ని తగ్గించి వేసిన రింగ్ అవసరానికి పనికిరాదు. హెచ్‌టీ మోటార్లు ఎక్కువున్న ప్లాంట్‌కు రింగ్ వద్దు.

| | రేడియల్ | రెండు ఇన్‌కమర్లు, కప్లర్ | ఓపెన్ రింగ్ |
|---|---|---|---|
| ట్రాన్స్‌ఫార్మర్ పోతే | వారాలు ఆగాలి | నిమిషాల్లో తిరిగి నడక | ఆ ఒక్క సబ్‌స్టేషన్ వరకే నష్టం |
| కేబుల్ పోతే | రిపేరయ్యేదాకా | ఇన్‌కమర్ కేబులైతే నిమిషాలు | స్విచింగ్‌కు అరగంట నుంచి గంట |
| మెయింటెనెన్స్‌కు | షట్‌డౌన్ తప్పదు | సగం సగంగా చేయవచ్చు | ఒక్కో సబ్‌స్టేషన్ విడిగా |
| మనుషుల శిక్షణ | తక్కువ | మధ్యస్థం | స్విచింగ్ క్రమం గట్టిగా రావాలి |

## న్యూట్రల్‌ను ఏం చేయాలి?

ట్రాన్స్‌ఫార్మర్‌లో మూడు ఫేజ్‌లూ కలిసే న్యూట్రల్ పాయింట్‌ను ఎర్త్‌కు ఎలా కలపాలన్నదాన్ని చివరి పేజీలో ఒక లైన్‌గా వదిలేస్తారు, కానీ హెచ్‌టీలో వచ్చే ఫాల్ట్‌లలో ఎక్కువ భాగం ఎర్త్ ఫాల్ట్‌లే. నేరుగా ఎర్త్ చేస్తే మన 6.6 కేవీ బస్ మీద ఏడు కిలో ఆంపియర్ల దాకా మోటార్ కోర్ గుండా పోతుంది. కాయిల్ మార్చడంతో పోయేది కాస్తా స్టేటర్ ప్లేట్లు కరిగి, మోటార్ మొత్తం మార్చే దాకా వస్తుంది. న్యూట్రల్‌ను ఎర్త్ చేయకుండా వదిలేస్తే మొదటి ఫాల్ట్‌కు ట్రిప్ అవ్వదు, కానీ నిప్పురవ్వలు పడుతూ ఆగుతూ ఉండే ఫాల్ట్‌తో ఓవర్ వోల్టేజ్ పెరిగి, ఇంకెక్కడో ఇన్సులేషన్ పోతుంది.

అందుకే మోటార్లున్న ప్లాంట్‌కు ఎన్‌జీఆర్, అంటే న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెసిస్టర్. 100 నుంచి 400 ఆంపియర్లు, పది సెకన్ల రేటింగ్ అనేది వాడుకలో ఉన్న పరిధి. 6.6 కేవీలో 400 ఆంపియర్లకు 9.5 ఓమ్స్, 11 కేవీలో 15.9 ఓమ్స్ వస్తుంది. పది ఆంపియర్ల హై రెసిస్టెన్స్ పద్ధతిని కొందరు ట్రిప్ లేకుండా నడపొచ్చని ఇష్టపడతారు. దానికి ఒక షరతు ఉంది, రెసిస్టర్ కరెంటు మీ కేబుళ్ల చార్జింగ్ కరెంటు (కేబుల్ తనంతట తానే ఎర్త్‌లోకి పంపే కొద్దిపాటి కరెంటు) కంటే తక్కువ కాకూడదు. 6.6 కేవీలో పెద్ద సైజు కేబుల్ కిలోమీటరుకు ఒకటి రెండు ఆంపియర్లు ఇస్తుంది. పది కిలోమీటర్ల కేబుల్ ఉన్న ప్లాంట్‌లో ఆ పద్ధతి చెల్లదు. ట్రిప్ చేయకుండా నడపాలనుకుంటే కేబుల్ కూడా అన్‌ఎర్త్‌డ్ గ్రేడ్‌దే కావాలి, 3.8/6.6 కాకుండా 6.6/6.6.

ఎన్‌జీఆర్ పెట్టాక ప్రతి ఫీడర్‌కూ కేబుల్ చుట్టూ ఉండే సీబీసీటీ (ఎర్త్‌లోకి పోయే కరెంటును పసిగట్టే కోర్ బ్యాలెన్స్ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పెట్టండి. పెట్టేటప్పుడు, స్క్రీన్, ఆర్మర్ సీబీసీటీ లోపలి నుంచి దాటి వస్తే, వాటి ఎర్త్ వైరును మళ్లీ సీబీసీటీ లోపలి నుంచే వెనక్కి తీసుకుని ఎర్త్ చేయాలి. అలా చేయకపోతే ఫాల్ట్ కరెంటు వెళ్లిందీ వచ్చిందీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, రిలే కదలదు. కమిషనింగ్ రోజు తప్పకుండా చూడాల్సిన వాటిలో ఇది మొదటిది.

## మిగతా ఎంపికలు, క్లుప్తంగా

రోజుకు పదిసార్లు ఆన్, ఆఫ్ అయ్యే మోటార్‌కు వాక్యూమ్ కాంటాక్టర్, ఫ్యూజ్. ఫ్యూజ్ ఫాల్ట్ కరెంటును శిఖరానికి చేరకుండానే కోసేస్తుంది కాబట్టి కేబుల్ సైజు కూడా తగ్గుతుంది. నెలకోసారి ఆపే మోటార్‌కు, ట్రాన్స్‌ఫార్మర్ ఫీడర్‌కు, ఇన్‌కమర్‌కు వీసీబీ (వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్). రెండింటిలోనూ వాక్యూమే కాబట్టి మోటార్ ఫీడర్‌కు సర్జ్ సప్రెసర్ మర్చిపోవద్దు.

ప్యానెల్‌కు ఐఎస్/ఐఈసీ 62271-200 అని రాస్తే సరిపోదు. ఇంటర్నల్ ఆర్క్ టెస్ట్ (ప్యానెల్ లోపల ఫాల్ట్ వస్తే పక్కనున్న మనిషికి దెబ్బ తగలదని చూసే పరీక్ష) సర్టిఫికెట్ మీరు కొనే కిలో ఆంపియర్లకు, మీరు మనుషుల్ని నిలబెట్టే అన్ని వైపులకూ ఉందా అని చూడండి. రింగ్‌కు ఆర్‌ఎంయూ కొనేవాళ్లు ఎస్‌ఎఫ్6 (ఇన్సులేషన్‌కు నింపే, భూమిని వేడెక్కించే గ్యాస్) లేని రకాల కొటేషన్ కూడా తీసుకోండి. యూరోపియన్ యూనియన్‌లో 24 కేవీ దాకా ఈ రకం గ్యాస్‌తో కొత్త స్విచ్‌గేర్ పెట్టడాన్ని 2026 జనవరి నుంచి ఆపే నియమం వచ్చింది, తయారీదార్లు అటే వెళ్తున్నారు. పాతికేళ్లు ఉండాల్సిన పరికరానికి స్పేర్ల కోణంలో ఇది చిన్న విషయం కాదు.

ఆయిల్ ట్రాన్స్‌ఫార్మరా, డ్రై టైపా? బయట జాగా ఉంటే ఆయిల్. చవక, ఓవర్‌లోడ్ తట్టుకుంటుంది, రిపేరు మన ఊళ్లలోనే అవుతుంది. ఒక ట్యాంకులో 2000 లీటర్లు దాటితే ఆయిల్ సోక్ పిట్ (కారిన ఆయిల్‌ను పట్టే గొయ్యి) కట్టాలని గుర్తుంచుకోండి. బిల్డింగ్ లోపల, సాల్వెంట్లు వాడే చోట డ్రై టైప్. కానీ సిమెంట్ దుమ్ములో దాన్ని పెడితే శుభ్రం చేసే పని నెలనెలా ఉంటుంది, కాయిల్ పోతే కొత్త కాయిల్ రావాల్సిందే.

లోపలి ఫీడర్లకు ఓవర్‌హెడ్ లైన్ చవక. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు స్తంభాలూ లైన్లూ నేలకొరిగి నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. పరవాడ, అచ్యుతాపురం లాంటి తీరంలో కట్టేవాళ్లు కనీసం ముఖ్యమైన ఫీడర్లకైనా కేబులే వేయాలి. రామగుండం, కొత్తగూడెం ఎండల్లో కట్టేవాళ్లు కేబుల్ ట్రేలకు డీరేటింగ్ (వేడిని బట్టి కేబుల్ సామర్థ్యాన్ని తగ్గించి లెక్కేయడం) ఉదారంగా పెట్టాలి. కేటలాగ్‌లోని అంకె 40 డిగ్రీల గాలికి ఇచ్చింది, మూత వేసిన ట్రెంచ్‌లో మే నెల మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది.

## మీది ఏ రకం ప్లాంట్?

1500 కేవీఏలోపు, పెద్ద మోటార్ లేదు. 11 కేవీ సప్లై, 11/0.433 కేవీ ట్రాన్స్‌ఫార్మర్లు. ఒకే 1500కు బదులు రెండు 1000 కేవీఏవి తీసుకోండి, రిడండెన్సీని ఎల్‌టీ బస్ కప్లర్‌లో పెట్టండి. హెచ్‌టీలో ఖర్చు పెంచాల్సిన పని లేదు.

ఫార్మా, కెమికల్స్, 3 నుంచి 8 ఎంవీఏ. 33 కేవీ నేరుగా, రెండు రేడియల్ ఫీడర్లు లేదా ఓపెన్ రింగ్, డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్లు. అజిటేటర్లు, బ్రైన్ పంపుల్లాంటి ప్రాణాధార లోడ్‌ను ఒకే ఎల్‌టీ సెక్షన్‌లోకి చేర్చి, దానికి మాత్రం ఆటో స్టార్ట్ డీజీ (డీజిల్ జనరేటర్) సెట్. హెచ్‌టీ ఎంత ఖరీదుగా కట్టినా డిస్కం లైన్ పోయి డీజీ అందుకునేదాకా పట్టే పది పదిహేను సెకన్లను అది పూడ్చలేదు. కంట్రోల్స్‌కు యూపీఎస్ వేరుగా ఉండాల్సిందే.

సిమెంట్ గ్రైండింగ్, పేపర్, రోలింగ్ మిల్లు, 5 నుంచి 10 ఎంవీఏ. 33/6.6 కేవీ, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, కప్లర్ ఓపెన్, ఎన్‌జీఆర్. మోటార్లన్నీ వీఎఫ్‌డీ అయితే 33/11. రోలింగ్ మిల్లు, పెద్ద డ్రైవ్‌లు ఉంటే హార్మోనిక్ స్టడీ (డ్రైవ్‌లు కరెంటు తరంగాన్ని ఎంత వంకర చేస్తాయో చూసే లెక్క) చేయకుండా కెపాసిటర్ బ్యాంక్ కొనకండి. బిల్లు కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ తగ్గితే పెరిగే యూనిట్లు) మీద పడుతుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ కోసం తొందరపడటం సహజమే, కానీ డీట్యూన్డ్ రియాక్టర్ లేని బ్యాంక్ రిజొనెన్స్‌లో పేలిపోగలదు.

ఫెర్రో అల్లాయ్స్. ఫర్నేస్ ట్రాన్స్‌ఫార్మర్‌ను నేరుగా మెయిన్ సప్లై బస్ మీద ఉంచి, మిగతా ఆక్జిలరీలకు వేరే ట్రాన్స్‌ఫార్మర్. రెండూ ఒకే లోపలి బస్ మీద కలపొద్దు.

3.3 కేవీతో నడుస్తున్న పాత ప్లాంట్‌ను పెంచేవాళ్లు. పాత బస్‌కు కొత్త లోడ్ తగిలించే ముందు, ప్యానెల్ నేమ్‌ప్లేట్ మీదున్న ఫాల్ట్ రేటింగ్‌ను ఇవాళ్టి డిస్కం ఫాల్ట్ లెవల్‌తో మళ్లీ లెక్క కట్టించండి. పాతికేళ్లలో గ్రిడ్ బలపడింది, ఆ రోజు సరిపోయిన ప్యానెల్ ఇప్పుడు సరిపోకపోవచ్చు. నా సలహా, పాత 3.3ను ఉన్నచోట వదిలేసి, కొత్త లోడ్‌కు 11 కేవీ బస్ వేసి, మున్ముందు పాత బస్‌ను దాని కింద 11/3.3 ట్రాన్స్‌ఫార్మర్‌తో తగిలించుకునేలా ఒక ఫీడర్ ఖాళీగా ఉంచండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం మార్పుకు కూడా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి కావాలి కాబట్టి, ఆ ఖాళీ ఫీడర్‌ను, భవిష్యత్తు ట్రాన్స్‌ఫార్మర్‌ను మొదటి డ్రాయింగ్‌లోనే చుక్కల గీతతో చూపించి పంపండి.